జింకు రాయి, దాని వెంట ఉండే రాళ్లు: దక్షిణ తెలంగాణ నేలలో ఏది దేనికి గుర్తు?

క్లుప్తంగా: ప్రపంచానికి జింకు ప్రధానంగా స్ఫాలరైట్ అనే ఖనిజం నుంచి వస్తోంది. అది ఒంటరిగా దొరకడం అరుదు. సీసం, ఇనుము, రాగి సల్ఫైడ్లతో (అంటే గంధకంతో కలిసిన ఖనిజాలతో) పాటు ఫ్లోరైట్ (కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం), ముగ్గురాయి (బెరైటీస్), సున్నపురాయి జాతి ఖనిజాలు దాని పక్కన కనబడతాయి. ఏవేవి జతకట్టాయన్నదాన్ని బట్టి ఆ నిక్షేపం ఎలా పుట్టిందో చెప్పవచ్చు. అయితే తోడు ఖనిజం కనబడినంత మాత్రాన జింకు ఉన్నట్టు కాదు. నల్గొండ గ్రానైట్‌లోని ఫ్లోరిన్, లంబాపూర్ రాళ్లలోని సీసపు ఖనిజం ఇందుకు దగ్గరి ఉదాహరణలు.

బోరు పొడిలో మెరుపు

మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు బోరు బండి నడుస్తుంటే జనం చుట్టూ చేరడం మామూలే. నీళ్లు పడతాయా లేదా అన్నదే అసలు టెన్షన్. వందల అడుగుల లోతు నుంచి పైకొచ్చే బూడిదరంగు రాతి పొడిలో అప్పుడప్పుడు పసుపు మెరుపు కనబడుతుంది. ఒకరు బంగారం అంటారు, పక్కనున్న పెద్దాయన కాకిబంగారం అని తేల్చేస్తాడు. చాలాసార్లు పెద్దాయన మాటే నిజం. అభ్రకమైతే రేకులు రేకులుగా ఊడుతుంది, గోటితో నొక్కితే వంగుతుంది. వంగకుండా గట్టిగా ఉండి, సుత్తి దెబ్బకు నల్లటి పొడి అయిపోతే అది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. బంగారం పొడి కాదు, దెబ్బకు సాగుతుంది.

ఇలాంటి మెరుపుల మీద ఆసక్తి పెరగడానికి ఈ మధ్య మరో కారణం వచ్చింది. 2023లో కేంద్ర ప్రభుత్వం 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు నుంచి గాలియం, జెర్మేనియం ఎగుమతులకు చైనా ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. దాంతో 'మన నేలలో ఏముంది' అనే చర్చ జిల్లాల దాకా వచ్చింది. ఆ జాబితాలో గాలియం, జెర్మేనియం, ఇండియం, కాడ్మియం ఉన్నాయి, జింకు మాత్రం లేదు. కానీ కాడ్మియం, ఇండియం దాదాపుగా జింకు శుద్ధి చేసే చోటే దొరుకుతాయి. జెర్మేనియం కొంత అక్కడ, కొంత బొగ్గు బూడిదలో దొరుకుతుంది. గాలియం ఎక్కువగా బాక్సైట్ నుంచి తీస్తారు గానీ, అదీ మొదట బయటపడింది జింకు ఖనిజంలోనే. కాబట్టి జాబితాలో లేని ఖనిజం గురించే ముందు తెలుసుకోవాలి.

పేరులోనే మోసం

స్ఫాలరైట్ అంటే జింకు, గంధకం కలిసిన జింక్ సల్ఫైడ్. స్వచ్ఛంగా ఉంటే బరువులో 67 శాతం జింకు, 33 శాతం గంధకం. గ్రీకులో 'స్ఫాలెరోస్' అంటే నమ్మించి మోసం చేసేది. పాత రోజుల్లో గని కార్మికులు సీసం కోసం తవ్వుతూ, మెరిసే నల్లరాయిని చూసి గలీనా అనుకునేవారు. గలీనా సీసపు ఖనిజం. ఆ నల్లరాయిని కొలిమిలో ఎంత కాల్చినా సీసం దిగేది కాదు. జర్మన్లు దానికి పెట్టిన 'బ్లెండ్' అన్న పేరుకూ ఇంచుమించు ఇదే అర్థం. 1847లో స్ఫాలరైట్ అన్న పేరు ఖాయమైంది.

రంగును నమ్మి దీన్ని గుర్తుపట్టలేం. ఇనుము బాగా తక్కువైతే తేనె రంగులో, కొన్నిసార్లు ఆకుపచ్చగా, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. ఇనుము పెరిగేకొద్దీ గోధుమరంగు, ఆ తర్వాత బొగ్గు నలుపు. జింకు పరమాణువులు ఉండాల్సిన చోట్లలోకి ఇనుప పరమాణువులు దూరడం వల్ల ఈ మార్పు వస్తుంది. స్ఫటికం ఆకారం మారదు, రంగు మారిపోతుంది.

గుర్తుపట్టడానికి సులువైన దారి గీత. నేల టైల్ వెనకవైపు, నునుపు పూత లేని చోట రాయిని గట్టిగా గీయాలి. రాయి ఎంత నల్లగా ఉన్నా స్ఫాలరైట్ గీత లేత పసుపు లేదా లేత గోధుమరంగులోనే పడుతుంది. గలీనా గీత పెన్సిల్ గీతలా బూడిదరంగు. పైరైట్‌ది ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. బరువు ఇంకో గుర్తు. నీటితో పోలిస్తే స్ఫాలరైట్ దాదాపు 4 రెట్లు, గలీనా 7.5 రెట్లు బరువు. చింతగింజంత గలీనా ముక్కను అరచేతిలో పెట్టుకున్నా ఆ తేడా తెలిసిపోతుంది. స్ఫాలరైట్ పొడి మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క పడితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాయువు విషం కాబట్టి ఇది ల్యాబ్‌లో చేయాల్సిన పరీక్షే, ఇంట్లో కాదు.

ఇంకో విశేషం కూడా చెప్పుకోవాలి. తెల్లని కాంతిని రంగులుగా విడగొట్టే గుణం స్ఫాలరైట్‌కు వజ్రం కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. సానబెడితే వజ్రాన్ని మించి రంగులు చిమ్ముతుంది. కానీ చాకు మొనకే గీతలు పడేంత మెత్తన, పైగా ఆరు దిక్కుల్లో సులువుగా చీలుతుంది. అందుకే ఉంగరంలో నిలవదు, రాళ్లు సేకరించేవాళ్ల అరల్లోనే ఉంటుంది.

ఎందుకు గుంపుగా ఉంటాయి?

ఈ జిల్లాల్లో బోరు నీళ్లు కాచే హీటరు కాయిల్‌కు తెల్లటి పెంకు పేరుకోవడం అందరూ చూసిందే. నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి అంటుకుంటుంది. భూమి లోపల జింకు ఖనిజం పేరుకునే తీరు కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. వేడెక్కినప్పుడు కాదు, చల్లబడినప్పుడు పేరుకుంటుంది.

లోతుల్లో సముద్రం కన్నా ఎక్కువ ఉప్పున్న వేడి నీళ్లు రాళ్ల సందుల్లో తిరుగుతుంటాయి. ఉప్పులోని క్లోరైడ్ జింకును, సీసాన్ని, రాగిని పట్టుకుని కరిగించి వెంట తీసుకెళ్తుంది. దారిలో నీళ్లు చల్లబడినా, వేరే నీళ్లు కలిసి పలచబడినా, గంధకం మోసుకొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎదురైనా ఆ పట్టు సడలుతుంది. లోహాలు గంధకంతో కలిసి గట్టిపడతాయి. జింకు, సీసం క్లోరైడ్‌ను అంటిపెట్టుకునే తీరు దాదాపు ఒకటే. అందుకే దాదాపు ఒకే వేడి దగ్గర, ఒకే చోట దిగుతాయి. రాగి కరిగి ఉండాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి కాబట్టి అది ముందే, వేడి మూలానికి దగ్గర్లోనే దిగిపోతుంది. ఫలితంగా చాలా నిక్షేపాల్లో మధ్యలో చాల్కోపైరైట్ అనే రాగి ఖనిజం, దాని చుట్టూ స్ఫాలరైట్, గలీనా, ఇంకా బయటికి ముగ్గురాయి వరసగా కనబడతాయి. ఇనుము ఎక్కడైనా దండిగా ఉంటుంది కాబట్టి పైరైట్ అన్ని వరసల్లోనూ కలిసిపోయి ఉంటుంది.

అనుభవమున్న భూగర్భ శాస్త్రవేత్త ఒక రాతి ముక్కలో ఖనిజాల నిష్పత్తి చూసి, వేడి మూలం ఎటువైపు ఉందో ఊహించగలిగేది ఈ వరసను బట్టే.

పుట్టిన చోటును బట్టి తోడు మారుతుంది

సముద్రం అడుగున అగ్నిపర్వతాల పక్కన 350 డిగ్రీల వేడి నీళ్లు నల్లటి పొగలా పైకి తన్నుకొస్తాయి. 1979లో పసిఫిక్ సముద్రంలో శాస్త్రవేత్తలు వీటిని కళ్లారా చూశారు. ఆ పొగ నిజానికి సల్ఫైడ్ల నలుసు. ఇలా పుట్టిన నిక్షేపాల్లో స్ఫాలరైట్ పక్కన రాగి, పైరైట్ ఎక్కువ.

రెండో రకం సముద్రపు బురదలో పొరలు పొరలుగా దిగినది. రాజస్థాన్‌లోని భిల్వాడా జిల్లా రాంపురా ఆగూచా గని ఈ కుటుంబానికి చెందిందే. అక్కడి ఖనిజం తర్వాత భూమి లోపలి ఒత్తిడికి, వేడికి పూర్తిగా రూపు మారింది. స్ఫాలరైట్ పక్కన గలీనా, పైరైట్, అయస్కాంతానికి అంటుకునే పిరోటైట్, గ్రాఫైట్ కనబడతాయి. జింకు వాటా ఎక్కువ, సీసం అందులో చిన్న వాటా. దేశంలో సీసం, జింకు నిల్వల్లో సింహభాగం రాజస్థాన్‌దే.

మూడోది సున్నపురాయి, డోలమైట్ రాళ్లలో పుట్టే రకం. అమెరికాలోని మిసిసిపీ లోయ పేరుతో దీన్ని పిలుస్తారు. దక్షిణ తెలంగాణ పాఠకులకు ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే కృష్ణ ఒడ్డున మట్టంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలన్నీ సున్నపురాయి మీదే నిలబడ్డాయి. ఈ రకంలో నీళ్ల వేడి 75 నుంచి 200 డిగ్రీలే. అగ్నిపర్వతంతో పనిలేదు. లోతైన అవక్షేప పొరల నుంచి పిండినట్టు బయటికొచ్చిన ఉప్పునీళ్లు సున్నపురాయి గుహల్లో, పగుళ్లలో చేరి ఖనిజాలను దింపుతాయి. స్ఫాలరైట్‌లో ఇనుము తక్కువ కాబట్టి లేత రంగులో ఉంటుంది. పక్కన గలీనా, ఊదా రంగు ఫ్లోరైట్, ముగ్గురాయి, కాల్సైట్, డోలమైట్ కనబడతాయి. మ్యూజియాల్లో తేనె రంగు స్ఫాలరైట్ మీద ఘనాల్లా కూర్చున్న ఊదా ఫ్లోరైట్ నమూనాలు చాలావరకు ఈ రకం గనుల నుంచి వచ్చినవే.

కంటికి కనబడని తోడు

పక్కన ఉండే రాళ్లు ఒక ఎత్తు, స్ఫాలరైట్ స్ఫటికం లోపలే దాక్కునే లోహాలు ఇంకో ఎత్తు. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్ జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నప్పుడు వర్ణపటంలో ముదురు నీలం గీత కనబడింది. అదే ఇండియం. 1875లో పిరెనీస్ కొండల స్ఫాలరైట్‌లో గాలియం దొరికింది. కాడ్మియం అంతకు ముందే, 1817లో, జింకు కార్బనేట్‌లో మలినంగా బయటపడింది.

ఈ లోహాలకు సొంత గనులు లేవు. జింకు నుంచి వచ్చే వాటా జింకు గని నడిస్తేనే దొరుకుతుంది, జింకు ధర పడిపోయి గని ఆగితే అదీ ఆగుతుంది. ఏ స్ఫాలరైట్‌లో ఏది ఉంటుందన్నది కూడా వేడి మీదే ఆధారపడుతుంది. తక్కువ వేడిలో, సున్నపురాళ్లలో పుట్టిన లేత రంగు స్ఫాలరైట్‌లో జెర్మేనియం, గాలియం ఎక్కువ. ఎక్కువ వేడిలో పుట్టిన, ఇనుము కలిసిన ముదురు రంగు రకంలో ఇండియం ఎక్కువ. ఫలానా చోట జింకు ఉందట కాబట్టి జెర్మేనియం కూడా ఉంటుంది అనే మాటకు ఇక్కడ చెక్ పెట్టుకోవాలి. ముందు అది ఏ రకం జింకో తేలాలి.

వెండి సంగతి వేరు. అది స్ఫాలరైట్‌లో కన్నా గలీనాలోను, దాన్ని అంటుకుని ఉండే సన్నటి ఖనిజాల్లోను ఉంటుంది. దేశంలో తయారయ్యే వెండి దాదాపు అంతా రాజస్థాన్ సీసం, జింకు గనుల ఉపఉత్పత్తే. నల్గొండ ప్రకాశం బజారులో కొనే పట్టీలకూ జింకు గనికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు.

పైన తుప్పు, లోపల ఖనిజం

ఖనిజ సిర నేలపైకి తేలిన చోట స్ఫాలరైట్ కనబడదు. గాలి, వాన తగలగానే సల్ఫైడ్ సల్ఫేట్‌గా మారుతుంది. జింక్ సల్ఫేట్ నీళ్లలో సులువుగా కరిగి కొట్టుకుపోతుంది. సీసం సల్ఫేట్ మాత్రం కరగదు, గలీనా మీదే పొరలా పేరుకుని దాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పుగా మారి అక్కడే మిగిలిపోతుంది. అలా ఏర్పడే తేనెపట్టులాంటి తుప్పురాతి కప్పును గాసన్ అంటారు. పాతకాలం వాళ్లు ఖనిజాన్ని కనిపెట్టింది ఈ తుప్పును చూసే. కొట్టుకుపోయిన జింకుకు దారిలో సున్నపురాయి తగిలితే స్మిత్‌సోనైట్ అనే జింక్ కార్బనేట్‌గా మళ్లీ గట్టిపడుతుంది.

అయితే ఎర్రటి తుప్పురాయి కనబడిన ప్రతిచోటా గాసన్ ఉన్నట్టు కాదు. వికారాబాద్ అనంతగిరి గుట్టల మీది ఎర్రరాయి లేటరైట్. అది నల్లరాతి పొరలు వానకు చివికి చివికి మిగిలిన అవశేషం, సల్ఫైడ్‌తో దానికి సంబంధం లేదు. రెండూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. ల్యాబ్‌లో సీసం, జింకు, ఆర్సెనిక్ ఆనవాళ్లు కొలిస్తే తేడా తేలుతుంది.

నల్గొండ, మహబూబ్‌నగర్ నేలలో ఉన్నదేమిటి?

ఈ ప్రాంతంలో అత్యధిక భాగం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు, నైస్ రాళ్లు. దక్షిణాన, కృష్ణకు దగ్గరయ్యేకొద్దీ కడప పరీవాహం (అవక్షేపాలు పొరలుగా పేరుకున్న పురాతన పల్లం) అవక్షేప శిలలు వాటి మీద దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. అమ్రాబాద్ వైపు క్వార్ట్‌జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి), హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి, షేల్. పడమట తాండూరులో ఉన్నది భీమా పరీవాహం సున్నపురాయి. అదే ఇళ్లలో పరిచే తాండూరు బండ.

మొదటి అపోహ ఫ్లోరైట్ గురించి. జింకుకు ఫ్లోరైట్ తోడు, నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, కాబట్టి కింద జింకు ఉండొచ్చు అనే తర్కం వినడానికి బాగుంటుంది, నిలబడదు. నల్గొండ ఫ్లోరైడ్ గ్రానైట్‌దే. శిలాద్రవం చల్లబడినప్పుడే ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ అభ్రకం, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఇరుక్కుంది. అది రాయి అంతటా చిన్న చిన్న రేణువులుగా చెదిరి ఉంటుంది. కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ ఉన్న బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితిని ఎన్నో ఊళ్లలో బోర్లు దాటింది ఇలాగే. జింకు పక్కన ఉండే ఫ్లోరైట్ ఇలాంటిది కాదు. అది ఉప్పునీళ్లు మోసుకొచ్చి పగుళ్లలో దింపిన సిర. పేరు ఒకటే, పుట్టుక వేరు.

రెండోది గలీనా. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల దగ్గర గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న సరిహద్దులో యురేనియం ఉంది. ఆ ఖనిజంతో పాటు పైరైట్, చాల్కోపైరైట్, గలీనా కనబడతాయి. జింకు జట్టులోని సభ్యులే ఇవి. కానీ యురేనియం కోట్ల ఏళ్ల పాటు క్షీణించి చివరికి సీసంగా మారుతుంది. ఆ సీసం పక్కనున్న గంధకంతో కలిసినా గలీనాయే అవుతుంది. అలాంటి చోట సీసం కనబడటం జింకుకు గుర్తు కాదు, యురేనియం వయసుకు గుర్తు. సీసంలోని ఐసోటోపులు (ఒకే మూలకానికి వేర్వేరు బరువుల రూపాలు) కొలిస్తే ఇది తేలిపోతుంది.

మరి సున్నపురాయి సంగతి? తగిన రాయి ఉండటం మొదటి మెట్టు మాత్రమే. లోహాలు మోసుకొచ్చే ఉప్పునీళ్లు, అవి నడిచే పగుళ్లు, వాటికి గంధకం ఎదురయ్యే చోటు, ఈ మూడూ ఒకే కాలంలో ఒకే దగ్గర కలవాలి. అవి కలిసిన చోటు కృష్ణ అవతలే ఉంది. పల్నాడు జిల్లా వినుకొండ దగ్గరి అగ్నిగుండాలలో, అదే కడప పరీవాహం డోలమైట్లలో, బండలమొట్టు కొండ దగ్గర సీసం, నల్లకొండ, ధూకొండల్లో రాగి బయటపడ్డాయి. బండలమొట్టు సీసాన్ని హిందుస్థాన్ జింక్ కొన్నేళ్లు తవ్వి ఆపేసింది. పరీవాహం ఒకటే అయినా, అక్కడి పొరలు బాగా ముడతలు పడి విరిగినవి. హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి దాదాపు చాప పరిచినట్టు ఉంటుంది. నీళ్లకు దారి దొరకడంలో ఈ తేడా చిన్నది కాదు.

తోడు ఖనిజం ఒక్కటే భారీగా ఉండి జింకు లేకపోవడం కూడా తెలుగు నేల మీదే చూడవచ్చు. కడప వైపు మంగంపేటలో ముగ్గురాయి ప్రపంచంలోనే అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. బరువైన రాయి కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి దేశదేశాలకు పోతుంది. అది జింకు గని కాలేదు.

ఎరువుల కొట్టులో దొరికే మూడు సరుకులు

స్ఫాలరైట్, గలీనా, పైరైట్ మూడూ కంటికి కనబడనంత సన్నగా అల్లుకుని ఉంటాయి. వాటిని విడదీయలేకే ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో సీసం, వెండి తీసుకుని, జింకు ఉన్న పొడిని కొండల్లా పారబోశారు. 1900 తర్వాతి మొదటి దశాబ్దంలో అక్కడే నురగతో తేల్చే పద్ధతి పట్టాలెక్కింది. పిండిలా నూరిన ఖనిజాన్ని నీళ్లలో కలిపి, గాలి ఊది, బుడగకు అంటుకునే రేణువును పైకి తేలుస్తారు. కిటుకంతా ఏ రేణువు అంటుకోవాలి, ఏది అంటుకోకూడదు అని శాసించడంలో ఉంది.

ఆ శాసనం చేసే రసాయనాల్లో మూడు మిర్యాలగూడలో ఏ ఎరువుల కొట్టుకు పోయినా దొరుకుతాయి. మొదట జింక్ సల్ఫేట్ వేస్తారు. అది స్ఫాలరైట్‌ను తేలకుండా అణచి, గలీనాను మాత్రమే పైకి రానిస్తుంది. సీసం తీసేశాక మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ వేస్తారు. రాగి అయాన్లు స్ఫాలరైట్ మీద పలచటి పూతలా కూర్చోగానే అప్పటిదాకా మొండికేసిన రేణువు బుడగకు అంటుకుంటుంది. మూడోది సున్నం. అది నీళ్లలో క్షారం పెంచి పైరైట్‌ను అడుగునే ఉంచుతుంది. బత్తాయి తోటల్లో బోర్డో మిశ్రమానికి కలిపేదీ ఈ మైలతుత్తం, సున్నమే. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి నల్గొండ పేరు పెట్టిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతిలోనూ పటికతో పాటు సున్నం ఉంది.

ఇలా తేల్చిన పొడిలో జింకు 50 శాతం దాటుతుంది. దాన్ని 900 డిగ్రీలకు పైగా వేయించి గంధకాన్ని వెళ్లగొడతారు. ఆ వాయువుతో సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. మిగిలిన ఆక్సైడ్‌ను ఆమ్లంలో కరిగించి కరెంటుతో జింకు తీస్తారు. కరెంటు లేని కాలంలో ఇది చాలా కష్టమైన లోహం. బొగ్గుతో తీయాలంటే 1000 డిగ్రీలు దాటాలి, జింకేమో 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఉదయ్‌పూర్ దగ్గరి జావర్‌లో వంకాయ ఆకారపు మట్టి మూసలను బోర్లించి, ఆవిరిని కిందికి దించి చల్లార్చేవారు. 1738లో బ్రిస్టల్‌లో పేటెంటు తీసుకోవడానికి కొన్ని వందల ఏళ్ల ముందు మాట ఇది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన బీదర్‌లోని బిద్రీ పాత్రలు కూడా 16 వంతుల జింకుకు ఒక వంతు రాగి కలిపి పోసినవే.

తోడు ఖనిజాలే సమస్య కూడా

జింకు గని చుట్టుపక్కల నీళ్లు చెడిపోతే ఎక్కువసార్లు దానికి కారణం జింకు కాదు, పైరైట్. తవ్వి బయట పోసిన పైరైట్‌కు గాలి, నీళ్లు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా లోహాలను కరిగించి వాగుల్లో కలుపుతుంది. గని సున్నపురాయిలో ఉంటే పక్కనున్న కాల్సైట్ ఆ ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. గ్రానైట్‌లో ఆ కాపు లేదు. అంటే తోడు రాళ్ల జాబితా చూసి, గని రాకముందే దాని వల్ల వచ్చే ముప్పును కొంతవరకు అంచనా వేయవచ్చు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసిన ప్రాంతంలో, ఏ ఖనిజం పేరుతో అన్వేషణ జరిగినా జనం మొదట అడిగేది నీళ్ల గురించే. అది న్యాయమైన ప్రశ్న.

కాడ్మియం ఇంకా నిశ్శబ్దంగా పనిచేస్తుంది. జపాన్‌లో కమియోకా జింకు, సీసం గని నుంచి జింజు నదిలోకి చేరిన కాడ్మియం వరి మడుల్లోకి పారింది. ఆ బియ్యం తిన్నవాళ్ల ఎముకలు పెళుసుబారాయి. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో జింక్ సల్ఫేట్‌కు 21 శాతం జింకు ఉండాలన్న నిబంధనతో పాటు కాడ్మియం 0.0025 శాతం, సీసం 0.003 శాతం దాటకూడదన్న గీత ఉన్నది అందుకే. స్ఫాలరైట్‌లో ఉన్న చుట్టాలు బస్తా దాకా రాకుండా చూసే గీత అది.

మడిలో పుట్టే జింక్ సల్ఫైడ్

గని లేకపోయినా ఈ ప్రాంతానికి జింకు ప్రతి ఏటా వస్తూనే ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతులు మూడు పంటలకు ఒకసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలన్నది వ్యవసాయ శాఖ సిఫారసు. దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు, మూడు రోజులైనా ఎడం ఉండాలి. కలిస్తే ఏమవుతుందో చూడాలంటే రెండు గాజు గ్లాసులు చాలు. ఒకదానిలో డీఏపీ, ఇంకోదానిలో జింక్ సల్ఫేట్ కరిగించి, తేటను ఒకటిగా పోస్తే పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద కడుతుంది. ఆ ముద్దలో చిక్కిన జింకు మొక్కకు సులువుగా అందదు. ఇదే కల్తీ పరీక్ష కూడా. చూడటానికి అచ్చం జింక్ సల్ఫేట్‌లా ఉండే చవక మెగ్నీషియం సల్ఫేట్‌ను బస్తాలో నింపి అమ్మితే అలా ముద్ద కట్టదు.

నేలలో జింకు ఉండి కూడా వరికి ఎందుకు అందదు అన్నదానికి క్షారం, భాస్వరం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి నేరుగా స్ఫాలరైట్ దగ్గరికే తీసుకెళ్తుంది. రోజుల తరబడి నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు. అక్కడి బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. కాలు పెడితే లేచే కుళ్లు వాసన దానిదే. ఆ సల్ఫైడ్ జింకును పట్టుకుని జింక్ సల్ఫైడ్‌గా గట్టిపడుతుంది. రాంపురా ఆగూచాలో 170 కోట్ల ఏళ్లకు పైగా ఉన్న సమ్మేళనమే నాటు వేసిన రెండు మూడు వారాలకే మడి అడుగున, కంటికి ఆననంత సన్నగా తయారవుతుంది. పైన వరి మొక్కల లేత ఆకుల మధ్య ఈనె పాలిపోతుంది, ముదురు ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి.

అప్పుడు రైతులు రెండు పనులు చేస్తారు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు ఆకుల మీద పిచికారీ చేస్తారు. లేదా మడిలో నీళ్లు తీసేసి, సన్నటి పగుళ్లు కనబడేదాకా ఆరగడతారు. ఆరగట్టిన మడిలోకి గాలి దిగుతుంది, సల్ఫైడ్ మళ్లీ సల్ఫేట్ అవుతుంది, జింకు కరిగి వేరుకు అందుతుంది. గని గుట్టల మీద పైరైట్‌ను ఆమ్లంగా మార్చేది కూడా ఈ గాలే.